పసుపు ప్రొటీన్‌ను పట్టుకుంటే మందైపోతుందా?

2025 జనవరి 14న, సంక్రాంతి రోజున, జాతీయ పసుపు బోర్డు మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లో ఉంది. ఎగుమతులు పెంచటం, పసుపుతో కొత్త ఉత్పత్తులు తయారు చేయించటం, పరిశోధనలను ప్రోత్సహించటం బోర్డు పనుల్లో ముఖ్యమైనవి. ఇటు నిజామాబాద్, అటు దుగ్గిరాల యార్డులను నమ్ముకున్న రైతులకు ఇది మంచి కబురే. కాకపోతే పసుపు కొమ్ము యార్డు దాటి, క్యాప్సూల్ రూపంలో మందుల దుకాణంలోకి చేరేసరికి వ్యవహారం మారిపోతోంది. అక్కడ అది వంటింటి దినుసు కాదు. కీళ్ల నొప్పులకు, షుగరుకు, కాలేయానికి, మతిమరుపుకు.. అన్నింటికీ మందన్నట్టుగా అమ్ముడవుతోంది. ‘ప్రయోగశాలలో నిరూపితం’ అన్న మాట కూడా తోడవుతోంది.

ఆ నిరూపణ ఏమిటని వెతికితే తరచూ ఎదురయ్యే పరిశోధన ఒకటుంది. మొక్కల నుంచి తీసిన రసాయనం మన ఒంట్లోని ప్రొటీన్‌ను ఎలా పట్టుకుంటుందో వెలుగు సాయంతో చూసే పద్ధతి అది. దాని పేరు ఫ్లోరసెన్స్ స్పెక్ట్రోస్కోపీ. పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్, మానుపసుపులోని బెర్బెరిన్ వంటి ఎన్నో పదార్థాల మీద ఇలాంటి అధ్యయనాలు జరిగాయి. పద్ధతి మంచిదే. కానీ అది చెప్పేదొకటి, దాని పేరుతో మనకు చేరేది మరొకటి. ఈ తేడా తెలియకపోతే ఇంట్లో రక్తం పలచబరిచే మందు వాడుతున్న తాతయ్యకో, ఫిట్స్ మందు వేసుకుంటున్న పిల్లకో ముప్పు రావొచ్చు.

ప్రొటీన్‌లో చిన్న దీపం

బ్యాంకు కౌంటర్లో నోటును ఊదారంగు దీపం కింద పెడితే దాని మీది అంకెలు మెరవటం చాలామంది చూసే ఉంటారు. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, దాన్ని కనిపించే వెలుగుగా తిరిగి వదలటమే ఆ మెరుపు వెనకున్న సంగతి. దీనికి ఫ్లోరసెన్స్ అని 1852లో పేరు పెట్టింది బ్రిటన్ శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్. మలేరియా మందుగా పేరొందిన క్వినైన్ కూడా ఇలాగే నీలంగా మెరుస్తుంది. అది సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చిందే.

మన రక్తంలోని ప్రొటీన్లకూ కొంత ఈ గుణం ఉంది. రక్తంలో అన్నింటికన్నా ఎక్కువగా ఉండే ప్రొటీన్ ఆల్బుమిన్. కాలేయం తయారు చేసే ఈ ప్రొటీన్ మామూలుగా డెసిలీటరు రక్తద్రవంలో 3.5 నుంచి 5 గ్రాముల వరకూ ఉంటుంది. 585 అమైనో ఆమ్లాలు గొలుసులా కలిసి ఏర్పడిన ఈ పెద్ద అణువులో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటంటే ఒక్కటే ఉంటుంది. గొలుసులో దాని స్థానం 214. ఆల్బుమిన్ మీద 295 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పడితే ఈ ట్రిప్టోఫాన్ సుమారు 340 నానోమీటర్ల దగ్గర వెలుగు వదులుతుంది. అది మన కంటికి కనిపించదు గానీ యంత్రం పట్టుకుంటుంది.

ఆల్బుమిన్‌ను ఒక బస్సు అనుకుందాం. రక్తంలో సొంతంగా కరగలేని కొవ్వు ఆమ్లాలను, బిలిరుబిన్‌ను, ఎన్నో మందులను అది ఎక్కించుకుని ఒళ్లంతా తిప్పుతుంది. బస్సులో ఒకే ఒక దీపం ఉంది. దాని పక్క సీట్లో ఎవరైనా కూర్చుంటే దీపం వెలుగు తగ్గుతుంది. మొక్క నుంచి తీసిన పదార్థాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పోతే వెలుగు ఎంతెంత తగ్గుతోందో కొలుస్తారు. దాన్ని బట్టి ఆ పదార్థం సీట్లో ఎంత గట్టిగా కూర్చుంటోందో లెక్క కడతారు. వెలుగు తగ్గటానికీ, కలిపిన పదార్థం మోతాదుకూ ఉన్న సంబంధాన్ని 1919లో ఒట్టో స్టెర్న్, మాక్స్ వోల్మర్ సూత్రంగా చెప్పారు. నేటికీ ఈ అధ్యయనాలన్నింటికీ అదే ఆధారం.

దీపం పక్కనున్న సీటుకు మరో ప్రాముఖ్యం ఉంది. ఆస్ట్రేలియా పరిశోధకులు సడ్లో, బర్కెట్, వేడ్ 1975లో ఆల్బుమిన్ మీద మందులు పట్టుకునే ముఖ్యమైన చోట్లు రెండని తేల్చారు. వారూ మెరిసే పదార్థాలనే వాడి ఈ సంగతి కనిపెట్టారు. దీపం ఉన్నది మొదటి చోటులో. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ కూర్చునే సీటు కూడా అక్కడే. అందుకే ఒక మూలికా పదార్థం దీపం వెలుగును తగ్గించిందంటే, అది వార్ఫరిన్ సీటు దగ్గరికి వచ్చిందేమోనన్న ప్రశ్న వెంటనే పుడుతుంది.

ఈ పని మన దగ్గరా జరిగింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి బెట్యులినిక్ ఆమ్లం, బీటా సిటోస్టెరాల్ వంటి మొక్కల పదార్థాలు మనిషి ఆల్బుమిన్‌ను ఎలా పట్టుకుంటాయో 2009, 2010లలో ప్రచురించారు. ఒక పదార్థం రక్తంలో ఎలా ప్రయాణిస్తుంది, ఎంత గట్టిగా అంటిపెట్టుకుంటుంది అన్నది తెలియకుండా దాన్ని మందుగా తీర్చిదిద్దటం కష్టం. ఆ మేరకు ఇది విలువైన పనే.

పట్టుకోవటం వేరు, నయం చేయటం వేరు

చిక్కు వచ్చేది తర్వాతి మెట్టులో. ‘ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంది’ అన్న వాక్యం నోటినోటా తిరిగి ‘జబ్బు మీద పనిచేసింది’గా మారిపోతుంది. ఆల్బుమిన్ బస్సే గానీ గమ్యం కాదు. బస్సెక్కిన పదార్థం జబ్బు ఉన్న చోట దిగి, అక్కడ ఏదైనా చేస్తేనే అది మందు. పైగా సీట్లో కూర్చున్నంతసేపూ అది పనిచేయదు. బస్సు దిగి, రక్తంలో విడిగా ఉన్న కొద్ది భాగమే కణాల్లోకి వెళ్లగలుగుతుంది. కాబట్టి మరీ గట్టిగా పట్టుకోవటం ఎప్పుడూ మంచి సంకేతమేమీ కాదు.

కర్క్యుమిన్ విషయంలో కొలతలోనే మరో తిరకాసుంది. అది పసుపుపచ్చగా ఉంటుంది. ఆల్బుమిన్ దీపం వదిలే కాంతిలో కొంత భాగాన్ని అదే పీల్చుకుంటుంది. రంగు అద్దంలోంచి చూస్తే దీపం మసకగా కనిపించినట్టే ఇదీ. దీపం పక్కన ఎవరూ కూర్చోకపోయినా వెలుగు తగ్గినట్టు యంత్రం చెబుతుంది. జాగ్రత్త గల పరిశోధకులు దీన్ని లెక్కగట్టి తీసేస్తారు. ఆ సవరణ చేయని అధ్యయనంలో పట్టు ఉన్నదానికన్నా గట్టిగా కనిపించే ప్రమాదముంది. దీనికి తోడు కర్క్యుమిన్ తానూ మెరుస్తుంది. శరీరంలో ఉండేలాంటి తటస్థ ద్రావణంలో ఒంటరిగా ఉంటే నిమిషాల్లోనే విచ్ఛిన్నమైపోతుంది కూడా. ఆల్బుమిన్ తోడుంటే కాస్త నిలుస్తుంది. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన ఒక విస్తృత సమీక్ష ఈ గుణాలన్నింటినీ ముందుపెట్టి గట్టిగా హెచ్చరించింది. కర్క్యుమిన్ మీద అప్పటికే 120కి పైగా క్లినికల్ పరీక్షలు జరిగినా, మందు ఎవరికి ఇచ్చారో వైద్యుడికీ రోగికీ తెలియనివ్వకుండా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి పకడ్బందీగా చేసిన పరీక్ష ఒక్కటీ విజయవంతం కాలేదని ఆ సమీక్ష తేల్చింది.

మరి మందులను సీట్లోంచి తోసేస్తుందా?

ఇక రెండో వైపు భయం. ‘మూలికా పదార్థం వార్ఫరిన్ సీట్లో కూర్చుంటే వార్ఫరిన్ బస్సు దిగిపోతుంది, రక్తస్రావం అవుతుంది’ అన్న వాదన. చాలా పరిశోధన పత్రాల ముగింపులో ఈ హెచ్చరిక కనిపిస్తుంది. ఇది ఎంతవరకు నిజమో తేల్చాలంటే ఎంత పదార్థం రక్తంలోకి చేరుతుందో చూడాలి.

2001లో తైవాన్ వైద్యులు కొందరికి రోజుకు 8 గ్రాముల వరకూ కర్క్యుమిన్ ఇచ్చి పరీక్షించారు. అంటే 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ 16 మింగినట్టు. అంత ఇచ్చినా రక్తంలో గరిష్ఠంగా చేరింది సగటున 1.77 మైక్రోమోలార్. మామూలు మనిషి రక్తంలో ఆల్బుమిన్ 600 మైక్రోమోలార్ వరకూ ఉంటుంది. అంటే ఒక్క కర్క్యుమిన్ అణువుకు 300కు పైగా ఆల్బుమిన్ అణువులు! ప్రయాణికుడు ఒక్కడు, ఖాళీ బస్సులు 300. ఇక సీటు కోసం తోపులాట ఎక్కడిది? ప్రయోగశాల గాజు గొట్టంలో మాత్రం ఆల్బుమిన్‌ను రక్తంలో కన్నా ఎన్నో రెట్లు పలచగా తీసుకుంటారు. పదార్థాన్ని దానికి సమానంగానో, అంతకు మించో కలుపుతారు. కొలవటానికి అలా చేయక తప్పదు. అక్కడ జరిగిన తోపులాట ఒంట్లో కూడా జరుగుతుందనుకుంటేనే పొరపాటు.

ఈ పొరపాటు వైద్యశాస్త్రం కూడా ఒకప్పుడు చేసింది. వార్ఫరిన్ వాడేవారికి ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు ఇస్తే రక్తస్రావం ఎక్కువయ్యేది. ఫినైల్‌బ్యూటజోన్ ఆల్బుమిన్ మీది నుంచి వార్ఫరిన్‌ను తోసేయటమే కారణమని చాలాకాలం నమ్మారు. 1970లలో అసలు సంగతి బయటపడింది. కాలేయంలో వార్ఫరిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆ నొప్పి మందు అడ్డుకుంటోంది. దాంతో వార్ఫరిన్ ఒంట్లోనే పేరుకుపోతోంది. నిజానికి ఒక మందు సీట్లోంచి జారి విడిపడినా, చాలా సందర్భాల్లో కాలేయం ఆ అదనపు భాగాన్ని త్వరగానే వదిలించేస్తుంది. ముప్పు వచ్చేది ఆ వదిలించే దారి మూసుకుపోయినప్పుడు.

ముప్పు అసలు దారి

కాబట్టి బస్సులో సీటు గురించి భయపడటం ఆపి, కాలేయం వైపు చూడాలి. కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదు. అందుకే చాలా కంపెనీలు మిరియాల్లోని పైపెరిన్‌ను కలుపుతాయి. దీనికి మూలం 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు చేసిన అధ్యయనం. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇస్తే శరీరానికి అందే కర్క్యుమిన్ 2000 శాతం పెరిగిందని వారు చెప్పారు. డబ్బాల మీద ఈ అంకెను గొప్పగా అచ్చేస్తారు. అయితే పైపెరిన్ ఆ పని చేసేది పేగుల్లో, కాలేయంలో పదార్థాలను మార్చి బయటికి పంపే ఎంజైములను అడ్డుకోవటం వల్లే. అదే రకం ఎంజైములు ఎన్నో మందులనూ వదిలిస్తాయి. అంటే పైపెరిన్ ఒక్క కర్క్యుమిన్‌కే తలుపు తీసి ఊరుకోదు. పైపెరిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఫిట్స్ మందు ఫినిటాయిన్ రక్తంలో పెరిగినట్టు మన దేశంలో జరిగిన అధ్యయనాలు చూపించాయి.

వార్ఫరిన్ సంగతీ ఊహ కాదు. నిలకడగా వార్ఫరిన్ వాడుతున్న ఒక రోగి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టాక ఐఎన్ఆర్ 10 దాటిపోయిందని న్యూజిలాండ్ మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ 2018లో హెచ్చరించింది. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టటానికి పట్టే సమయాన్ని చెప్పే కొలత. చాలామంది వార్ఫరిన్ రోగుల్లో దాన్ని 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. 10 దాటితే ప్రాణాపాయమే.

కాలేయం మీది దెబ్బ మరో సమస్య. అమెరికాలో మందులతో కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదు చేసే పరిశోధన బృందం, పసుపు సప్లిమెంట్లతో ముడిపడిన 10 కేసులను 2022లో ప్రచురించింది. వారిలో 8 మంది మహిళలు. ఐదుగురు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఒకరు చనిపోయారు. పది మందిలో ఏడుగురికి హెచ్ఎల్ఏ-బీ 35:01 అనే ఒకే రకం జన్యు తీరు ఉండటం గమనించాల్సిన విషయం. అంటే అందరికీ పడకపోవటం కాదు, కొందరి ఒంటికి అసలు పడదు. ఆ కొందరెవరో ముందుగా తెలియదు. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ టీజీఏ కూడా 2023లో ఇలాంటి హెచ్చరికే చేసింది. ఆహారంలో వాడే మామూలు మోతాదు పసుపుతో ఈ ముప్పు ఉన్నట్టు కనిపించటం లేదని కూడా అది చెప్పింది.

చెంచాడు పసుపు, గుప్పెడు క్యాప్సూల్స్

ఇక్కడే మన ఇళ్లలో పెద్ద పొరపాటు జరుగుతుంది. ‘తరతరాలుగా తింటున్న పసుపేగా’ అన్న ధీమా. పప్పులో వేసే పసుపూ క్యాప్సూల్లోని పసుపూ ఒకటి కావు. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. చెంచాడు పొడి 3 గ్రాములు అనుకుంటే అందులో ఉండేది దాదాపు 90 మిల్లీగ్రాములు. అది కూడా కుటుంబమంతా పంచుకునే కూరలో పడుతుంది. 95 శాతం కర్క్యుమిన్ ఉన్న 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్లో ఉండేది 475 మిల్లీగ్రాములు. అంటే ఒక్క క్యాప్సూల్ ఐదు చెంచాల పసుపు పొడికి సమానం. దానికి పైపెరిన్ తోడైతే ఒంటికి చేరేది ఇంకెన్నో రెట్లు. ఆహారంలో రంగుగా వాడే కర్క్యుమిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం పెట్టిన పరిమితి రోజుకు కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు. రోజూ రెండు క్యాప్సూల్స్ వేసుకుంటే ఆ లెక్కకు ఐదు రెట్లు మించినట్టే.

మరి ప్రొటీన్ పట్టు లెక్కలన్నీ వృథాయేనా? కాదు. రక్తంలో ఆల్బుమిన్ బాగా తగ్గిపోయినవారిలో, అంటే కాలేయం గట్టిపడినవారిలో, మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఈ లెక్క చాలా అవసరం. ఫినిటాయిన్ మొత్తం మోతాదు పరీక్షలో తక్కువగా కనిపించినా, బస్సులు తక్కువ కాబట్టి విడిగా ఉన్న మందు సరిపడా ఉండొచ్చు. అది చూడకుండా మోతాదు పెంచితే ప్రమాదం. అలాగే ఆల్బుమిన్‌నే వాహనంగా వాడుకున్న క్యాన్సర్ మందూ ఉంది. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్‌ను ఆల్బుమిన్‌తో జోడించి చేసిన మందుకు అమెరికా 2005లో రొమ్ము క్యాన్సర్ చికిత్స కోసం అనుమతి ఇచ్చింది. అదీ మొక్క నుంచి వచ్చిందే. కాకపోతే అది ఒక గాజు గొట్టం ఫలితంతో ఆగిపోలేదు. జంతువుల మీద, తర్వాత రోగుల మీద దశలవారీగా పరీక్షలు దాటాకే ఆస్పత్రికి చేరింది.

పసుపుతో కొత్త ఉత్పత్తులు రావాలని బోర్డు కోరుకోవటంలో తప్పు లేదు. వాటి మీద పరిశోధనలకు సొమ్ము పెడితే మరీ మంచిది. ఆ సొమ్ములో కొంత ఈ దారిలో చివరి మెట్టుకు, అంటే మనుషుల మీద నిక్కచ్చిగా చేసే పరీక్షలకు, భద్రత లెక్కలకు వెళ్లాలి. మన విశ్వవిద్యాలయాల్లో మొదటి మెట్టు ఎక్కగలిగిన పరిశోధకులు ఇప్పటికే ఉన్నారు. ‘ఏ మందు వాడేవారు దీన్ని తీసుకోకూడదు’ అన్నది డబ్బా మీద తెలుగులో అచ్చయితే, రైతు పండించిన పసుపు మీద నమ్మకమూ నిలబడుతుంది.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

* వంటలో పసుపు, పాలల్లో చిటికెడు పసుపు మానాల్సిన పనిలేదు. జాగ్రత్తంతా క్యాప్సూల్స్, గాఢమైన సారాల విషయంలోనే.

* వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం మందులు, ఫిట్స్ మందులు, అవయవ మార్పిడి తర్వాతి మందులు వాడుతుంటే వైద్యుడిని అడగకుండా కర్క్యుమిన్ గానీ పైపెరిన్ గానీ మొదలుపెట్టొద్దు.

* ఆస్పత్రికి వెళ్లినప్పుడు ‘ఇంకేం మందులు వాడుతున్నారు?’ అని అడిగితే మూలికా క్యాప్సూల్స్ పేరు కూడా చెప్పాలి. డబ్బానే వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఆపరేషన్‌కు ముందు ఇది మరీ ముఖ్యం.

* సప్లిమెంటు వాడుతుండగా కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావటం, వికారం, ఆకలి లేకపోవటం, ఒళ్లంతా దురద కనిపిస్తే వెంటనే ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

* ‘ప్రయోగశాలలో నిరూపితం’ అని చదివితే మూడు ప్రశ్నలు వేసుకోండి. గాజు గొట్టంలోనా, మనిషిలోనా? ఎంత మోతాదులో? ఎవరితో పోల్చి చూశారు? వీటికి డబ్బా మీద జవాబు లేకపోతే దాన్ని అరలోనే ఉంచి వచ్చేయటం మేలు.